ఇరవైనాలుగో పేరు

అప్పిచ్చినవాళ్లందరి పేర్లూ రాసి తెమ్మని లాయరు అనుపమ చెప్పింది. బుల్లబ్బాయి ఇరవైమూడు పేర్లు రాశాడు. ఇరవైనాలుగోది రాయలేదు.

మరిచిపోయి కాదు. రాంగోపాల్‌పేటలో ముప్పై ఏళ్లుగా కప్పుల మీదా, షీల్డుల మీదా, మెడల్స్ మీదా పేర్లు చెక్కి బతికినవాడు. ఒక్కసారి ఉలి కిందుగా పోయిన పేరు అతని బుర్రలోంచి పోదు. ఆ పేరు రాయబోయి మూడుసార్లు కలం కాగితం దాకా తీసుకెళ్లాడు, మూడుసార్లూ వెనక్కి తీశాడు. నాలుగోసారి మూత పెట్టేశాడు.

ఆ పేరు దేవకృప. చిలకలగూడలో ఉంటుంది, టీచరుగా చేసి రిటైరైంది. ఆవిడకు ఇవ్వాల్సింది మూడు లక్షలు.

"ఆవిడ పేరు రాయకండి," అంది అతని భార్య సీతారత్నం కూడా. "కోర్టు మనిషి నోటీసు పట్టుకుని టీచరమ్మగారి గుమ్మం ఎక్కితే ఆవిడ పరువేం కావాలి? మనం మెల్లగా, ఎవరికీ తెలియకుండా తీర్చుకుందాం."

ఆ మాట బుల్లబ్బాయికి ఎండలో గొడుగు దొరికినట్టయింది. అవును, ఇది మర్యాద. పెద్దావిడను కోర్టుకు ఈడ్వకపోవడం మర్యాద కాక మరేమిటి? ఆ గొడుగు కిందే నడుచుకుంటూ లాయరు దగ్గరకు వెళ్లాడు.

సికింద్రాబాద్ కోర్టుకు దగ్గర్లో మేడ మీద చిన్న గది ఆవిడ ఆఫీసు. జాబితాను వేలితో ఒక్కో వరసా చూసుకుంటూ చదివింది. బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీ, ఇత్తడి రేకుల సేటు, చీటీల కంపెనీ, ఫోన్ యాప్‌లు నాలుగు, షాపులో పాలిష్ పని చేసే పర్వతాలు, ఇంకా బజారువాళ్లు.

"అంతేనా బుల్లబ్బాయి గారూ? ఇంకెవరూ లేరుగా?"

"అంతేనండి."

"మళ్లీ ఆలోచించుకోండి. చేబదుళ్లు, చుట్టాల దగ్గర తెచ్చినవి. కాగితం ఉన్నా లేకపోయినా అప్పు అప్పే."

"అన్నీ రాశానండి."

గొంతు మామూలుగానే పలికింది. అది అతనికే వింతగా తోచింది. బేరాల్లో అలవాటైన గొంతు కదా, కప్పు మీద పది రూపాయల అబద్ధానికీ మూడు లక్షల అబద్ధానికీ దానికి తేడా తెలియదు.

అనుపమ కుర్చీ ముందుకు జరుపుకుంది. "ముందే చెప్తున్నా, తర్వాత నన్ను అనకూడదు. బజార్లో ఐపీ పెట్టడమంటే చేతులు దులుపుకోవడం అనుకుంటారు. అట్లా ఏం ఉండదు. మనం దివాలా పిటిషన్ వేస్తాం. కోర్టు మీ ఆస్తి మొత్తం ఒక రిసీవర్ చేతిలో పెడుతుంది. ఆయన అమ్మి, వచ్చిన డబ్బు లిస్టులో ఉన్నవాళ్లకి బాకీని బట్టి పంచుతాడు. అది అయ్యాక అప్పుల నుంచి విడుదల చేయమని మళ్లీ మీరే అడగాలి. అప్పుడు జడ్జి చూసేది ఒక్కటే, మీరు దాచారా, దాచలేదా."

"లేజర్ మిషను పోతుందాండి?"

"అది బ్యాంకు తాకట్టులో ఉంది కదా, వాళ్లే తీసుకుంటారు. మీ ఉలులు, చేతి పనిముట్లు ఎవరూ ముట్టుకోరు. కానీ గవర్నమెంటు బాకీ పోదు, జీఎస్టీ అట్లాగే ఉంటుంది. మీకు జామీను సంతకం పెట్టినవాళ్లు ఎవరన్నా ఉంటే, మీరు బయటపడ్డా వాళ్లు బయటపడరు. మోసంతో తెచ్చిన అప్పు అసలే పోదు."

మోసం అన్న మాట దగ్గర బుల్లబ్బాయి చూపు కిటికీ మీదకు పోయింది.

"ఇంకోటి. ఈ మూడు నెలల్లో ఎవరికన్నా ఒక్కళ్లకి ప్రేమగా బాకీ తీర్చారా?"

"లేదండి."

"ఇప్పుడు కూడా తీర్చకండి. మిగతావాళ్లని వదిలేసి ఒకరికిస్తే రిసీవర్ దాన్ని వెనక్కి లాగొచ్చు. స్కూటర్ అమ్మారన్నారు కదా, ఆ నలభై వేలు కూడా ఆస్తిలో చూపించాలి."

ఆ నలభై వేలు అప్పుడు అతని చొక్కా లోపలి జేబులోనే ఉన్నాయి. చెయ్యి దానంతటదే గుండె మీదకు వెళ్లింది.

"మేడమ్, మామూలుగా అడుగుతున్నానండి. కాగితం లేని చేబదులు ఎన్నాళ్లు చెల్లుతుంది?"

"ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లు. ఈలోపల మీరు రాతలో ఒప్పుకుంటే మళ్లీ కొత్తగా లెక్క మొదలు. లేకపోతే కోర్టు దృష్టిలో అది చచ్చిన బాకీ. ఎందుకడుగుతున్నారు?"

"ఊరికేనండి."

టీచరమ్మ డబ్బిచ్చి వచ్చే నెల పద్నాలుగుకు మూడేళ్లు నిండుతాయి. ఆ తేదీ చూసుకోవడానికి అతనికి క్యాలెండరు అక్కర్లేదు.

మెట్లు దిగుతూ లెక్క వేశాడు. వద్దనుకుంటూనే వేశాడు. సరుకు, పాత మిషన్లు, షాపు అడ్వాన్సు, స్కూటరు అన్నీ కలిపితే మూడు లక్షల నలభై వేలు. ఇరవైమూడు మంది బాకీ ఇరవై ఎనిమిది లక్షలు. రూపాయికి పన్నెండు పైసలు. టీచరమ్మను రాయకపోతే ఆవిడకు సున్నా. వచ్చే నెల పద్నాలుగు దాటితే అడిగే హక్కు కూడా సున్నా. మర్యాద అని తను పేరు పెట్టుకున్న పని లాభం ఖాతాలో ఎంత చక్కగా ఇమిడిందో చూసుకునేసరికి మెట్ల మధ్యలోనే ఆగిపోయాడు.

షాపుకు వచ్చేసరికి పర్వతాలు అల్మారాలన్నీ ఖాళీ చేసి సరుకు లెక్కబెడుతున్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ షాపులో ఇత్తడి రుద్దుతున్నవాడు. లాక్‌డౌన్‌లో స్కూళ్లు మూతబడి రెండేళ్లపాటు ఒక్క కప్పు కూడా అమ్ముడుపోనప్పుడు, తను దాచుకున్న అరవై వేలు తెచ్చి గల్లా మీద పెట్టినవాడు.

"అన్నా, నా పేరు పెట్టినవా లిస్టుల?"

"పెట్టానురా. తొమ్మిదో నంబరు."

"తొమ్మిదా? గా యాప్‌లోల్ల కంటె ముందటనా, ఎన్కనా?"

"వెనకే. అయినా ముందున్నా వెనకున్నా వాటా ఒకటే."

"అట్లనా. ఇజ్జత్ కోసం అడిగిన గని," అని నవ్వాడు పర్వతాలు. ఆ నవ్వు బుల్లబ్బాయికి చురుక్కున తగిలింది. అరవై వేలకు ఏడు వేలొస్తాయని చెబితే, "సున్న కంటె నయం కదన్నా," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

పర్వతాలు అటక మీంచి పాత గుడ్డలో చుట్టిన షీల్డు ఒకటి దించాడు. "ఇది ఏడ రాయాలె? బరువుంది, మంచి ఇత్తడి."

"అది మనది కాదు. స్కూలుది. రిపేరుకొచ్చి ఉండిపోయింది. ఆస్తిలో రాయకు, తిరిగి ఇచ్చేయాలి."

గుడ్డ విప్పాడు. పెద్ద చెక్క షీల్డు, చుట్టూ ఏడాదికొకటి చొప్పున చిన్న ఇత్తడి బిళ్లలు. మూడో వరసలో ఒక బిళ్ల మీద అక్షరాలు మిగతావాటి కంటే సన్నగా, చీమల బారులాగా ఉన్నాయి. దాన్ని చూడగానే బుల్లబ్బాయి ముప్పై ఏళ్లు వెనక్కి పోయాడు.

రాజోలు నుంచి వచ్చి షాపు తెరిచిన మొదటి సంవత్సరం అది. ఆడపిల్లల రిలే పరుగు గెలిచిన జట్టు పేర్లు చెక్కమని దేవకృప టీచరు ఆర్డరిచ్చింది. నలుగురు పిల్లలు. బిళ్ల చిన్నది, మూడు పేర్లే పట్టాయి. నాలుగో పేరు వదిలేసి ఇచ్చేశాడు, ఎవరు చూస్తారులే అని. మర్నాడు పొద్దున్నే షాపు తలుపు తీయకముందే ఆవిడ మెట్ల మీద నిలబడి ఉంది, చేతిలో షీల్డుతో.

"బిళ్ల చిన్నదైతే అక్షరాలు చిన్నవి చెయ్యి. పిల్లను తీసెయ్యకు," అంది. అంతే. కేక వేయలేదు, డబ్బు తగ్గించమనలేదు. ఆ రోజు కొత్త బిళ్ల కోసి, కన్ను పగిలేలా సన్నగా నాలుగు పేర్లూ చెక్కి ఇచ్చాడు. ఆ తర్వాత పాతికేళ్లు ఆ స్కూలు ఆర్డరు మరో షాపు గుమ్మం తొక్కలేదు. అతని ఇల్లు నిలబడింది ఆ ఆర్డర్ల మీదే.

షీల్డును గుడ్డలో మళ్లీ చుట్టేశాడు. చెప్పుల్లో కాళ్లు దూర్చాడు.

"ఎటువోతున్నవ్ అన్నా? లెక్క సగంల ఉంది."

"చిలకలగూడ పోయొస్తా."

పొద్దుట వాన పడి వెలిసింది. టీచరమ్మ ఇంట్లో ముందు గదిలోనే ఒక స్టీలు బేసిను నేల మీద ఉంది. పైన శ్లాబు నుంచి చుక్క చుక్కా దాన్లోకి పడుతోంది. గోడ మీద ఆవిడ భర్త ఆర్థర్ గారి ఫొటో, తడి తగలకుండా పక్కకు జరిపి కొట్టిన కొత్త మేకు.

"ఏం బుల్లబ్బాయ్, ఈ టైంలో? కూర్చో. ఆ కుర్చీ కాదు, అక్కడ కారుతుంది. స్కూటరేదీ, చప్పుడు వినపడలేదు?"

"అమ్మేశానండి."

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. పిల్లలు హోంవర్కు చేయకుండా వచ్చినప్పుడు చూసే చూపు అది. ఇక సాగదీయడంలో అర్థం లేదు.

"ఐపీ పెడుతున్నానండి, టీచరమ్మగారూ."

చుక్కలు నాలుగైదు పడ్డాయి.

"నా డబ్బుతో సహానా?"

"మీ పేరు రాయలేదండి. రాస్తే కోర్టు నుంచి నోటీసు మీ ఇంటికొస్తుంది. చర్చిలో, వీధిలో నలుగురూ అనుకుంటారని..."

"నా పరువు కోసం."

"అవునండి."

"మరి ఇప్పుడెందుకొచ్చావు? రాయనివాడివి రాయకుండా ఉండొచ్చుగా."

బుల్లబ్బాయి లోపలి జేబులోంచి నోట్ల కట్ట తీసి టీపాయ్ మీద పెట్టాడు. దానితోపాటే ఒక మడత కాగితం కూడా వచ్చేసింది. మూడేళ్లుగా గల్లా అడుగున ఉండి, ఆ రోజు పొద్దున ఎందుకో జేబులోకి చేరిన కాగితం. ఆవిడే విప్పింది. ప్రామిసరీ నోటు. రెవెన్యూ స్టాంపు అంటించి ఉంది. ఆవిడ పేరు, మూడు లక్షలు, తేదీ అన్నీ బుల్లబ్బాయి చేతిరాతలోనే ఉన్నాయి. సంతకం ఒక్కటే లేదు.

"ఇది ఆ రోజుదేనా?"

"ఆ రోజుదేనండి. రాసుకునే వచ్చాను. మీరు మన మధ్య కాగితమెందుకు అన్నారు."

"అన్నాను. నేను అన్నాను సరే. నువ్వు తీసి సంతకం పెట్టి ఇవ్వొచ్చుగా?"

"ఇవ్వొచ్చండి."

"ఎందుకివ్వలేదు?"

ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఎవరికీ చెప్పని మాట అది. చెబితే బజార్లో నవ్వుతారు, ఇక్కడ నవ్వేవాళ్లు లేరు. "కాగితం లేని బాకీ మెత్తగా ఉంటుందండి. గట్టి బాకీలవాళ్లు వచ్చి గుమ్మంలో కూర్చుంటారు, వాళ్లకు ముందు కడతాం. మెత్తవి తర్వాత, తర్వాత అనుకుంటాం. మీరు ఒద్దన్నప్పుడు నాకు... హాయిగా అనిపించిందండి. జేబులో పెట్టేసుకున్నాను."

"అంటే నేను మెత్తదాన్ని."

అతను ఆ కాగితాన్ని అందుకుని మళ్లీ మడత పెట్టాడు.

"బ్యూలా రోజూ సతాయిస్తుంది," అంది ఆవిడ. బ్యూలా ఆవిడ కూతురు, ఏదో ఆఫీసులో పని చేస్తుంది. "శ్లాబు వేయించు మమ్మీ, రిటైర్మెంటు డబ్బు ఏం చేశావని. పోస్టాఫీసులో వేశాను, ఇప్పుడు తీస్తే వడ్డీ పోతుందని చెబుతున్నాను. అరవై మూడేళ్లొచ్చాక కన్నకూతురి దగ్గర అబద్ధం. నీ కోసం ఆడాననుకున్నాను. నువ్వు జేబులో కాగితం పెట్టుకుని తిరుగుతున్నావు."

తిట్లు తింటానని సిద్ధపడే వచ్చాడు. ఇవి తిట్లు కావు, అందుకే తట్టుకోలేకపోయాడు. నోట్ల కట్టను ముందుకు జరిపాడు. "ఇది ఉంచండి. నలభై వేలు. ఎవరికీ తెలియదు. లిస్టులో మీరు లేరు కాబట్టి ఎవరూ అడగరు కూడా."

"లిస్టులో రాస్తే నాకెంతొస్తుంది?"

"ముప్పైమూడు వేలకు కాస్త తక్కువండి. కోర్టు ఖర్చులు తీస్తే ఇంకా తగ్గుతుంది. అదీ ఎప్పటికొస్తుందో చెప్పలేం."

"ఇది నలభై. ఇప్పుడే."

"అవునండి."

ఆవిడ చెయ్యి కట్ట మీద పడింది. కాసేపు అక్కడే ఉంది. బేసిను నిండబోతోందని చూసి లేచి, నీళ్లు పారబోసి, మళ్లీ అక్కడే పెట్టి వచ్చి కూర్చుంది.

"ఆ పాలిష్ అబ్బాయి, పర్వతాలు. అతనిక్కూడా బాకీ ఉన్నావా?"

"అరవై వేలండి."

"ఈ నలభైలో అతని వాటా కూడా ఉందిగా?"

"ఉందండి. అందరిదీ ఉంది."

కట్టను అతని వైపు తోసింది. "తీసుకుపో. నాకు అవసరం లేక కాదు, పైన చూస్తున్నావుగా. నా పేరు రాయి."

"నోటీసు వస్తుందండి. కోర్టు మనిషి..."

"రానీ. మంచినీళ్లిస్తాను."

"బ్యూలాకు తెలిసిపోతుంది."

"అది నేను చూసుకుంటాను. నీది నువ్వు చూసుకో. అడ్రసు సరిగ్గా రాయి, ఇంటి నంబరు మారింది." కళ్లజోడు పెట్టుకుని, పాత పరీక్ష కాగితం వెనక కొత్త నంబరూ, పిన్‌కోడూ గుండ్రటి అక్షరాలతో రాసి ఇచ్చింది. "ఎన్నో నంబరు నాది?"

"ఇరవైనాలుగండి."

"ఆఖరునా?"

"ఆఖరునండి."

"సరే." గుమ్మం దాకా వచ్చింది. "క్షమించేశానని మాత్రం అనుకోకు బుల్లబ్బాయ్. నేనింకా అంతదాకా రాలేదు."

"అనుకోనండి," అన్నాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

మర్నాడు పొద్దున అనుపమ ముందు ప్రామిసరీ నోటూ, అడ్రసు రాసిన పరీక్ష కాగితమూ పెట్టాడు. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి.

"నిన్న అంతేనన్నారుగా?"

"అబద్ధం చెప్పానండి."

"ఇంకా ఏమన్నా ఉన్నాయా అబద్ధాలు? ఉంటే ఇప్పుడే చెప్పండి. పిటిషన్‌లో నిజమని ప్రమాణం చేస్తూ సంతకం పెడతారు మీరు. రేపు ఈవిడ బయటికొస్తే మీరు కోర్టులో దొంగ అయ్యేవారు. నేను కూడా మీతో నిలబడేదాన్ని."

"ఇక లేవండి."

ఆవిడ ప్రామిసరీ నోటు తిప్పి చూసింది. "సంతకం లేదు, ఇది చెల్లదు."

"నేను ఒప్పుకుంటున్నాను కదండి. చాలదా?"

"మీ ఒప్పుకోలు రాతలో ఉంటే చాలు. ఆవిడ గడువు కూడా నిలబడుతుంది." గొంతు కొంచెం తగ్గించింది. "డబ్బు ఆవిడకు ఇచ్చారా?"

బుల్లబ్బాయి కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ లెక్కపెట్టి, ఆస్తుల కాగితంలో స్కూటరు అమ్మిన డబ్బు దగ్గర టిక్కు పెట్టింది.

పక్క గదిలో టైపు చేసే శ్రీలేఖ తలుపు దగ్గరకొచ్చి అడిగింది. "మేడమ్, లిస్టు పేజీ నిండిపోయింది. ఈ ఒక్క పేరు తర్వాతి పేజీలో వేసెయ్యనా?"

అనుపమ సరే అనేలోపలే బుల్లబ్బాయి లేచి నిలబడ్డాడు. "వద్దమ్మా. అందరితో కలిపి అదే పేజీలో వెయ్యి. పట్టకపోతే అక్షరాలు చిన్నవి చెయ్యి."

శ్రీలేఖ లాయరు వైపు చూసింది. లాయరు భుజాలెగరేసింది. కాగితం ప్రింటై వచ్చింది. ఇరవైనాలుగు వరసలు, సన్నటి అక్షరాలు. అతను ఆఖరి వరస దగ్గర వేలు పెట్టి, పేరు, ఇంటి నంబరు, పిన్‌కోడు, మూడు లక్షలు అన్నీ పరీక్ష కాగితంతో సరిచూసుకున్నాడు. పెన్ను అందుకుంటే సంతకం వంకరగా వచ్చింది.

షాపులో పర్వతాలు సరుకు లెక్క పూర్తి చేసి, కాగితం మీద పేపర్ వెయిటుగా ఒక కప్పు పెట్టి ఎదురుచూస్తున్నాడు.

"పర్వతాలూ, నీ వాటా తగ్గిందిరా. రూపాయికి పన్నెండు పైసలనుకున్నాం. పదకొండు కూడా నిండా రాదు. నీకు ఏడు వందలు తక్కువొస్తాయి."

"గట్లెట్ల? నిన్నటికి నిన్న లెక్క చెప్తివి గద!"

"ఒక పేరు రాయలేదు నిన్న. చిలకలగూడ టీచరమ్మది. మూడు లక్షలు."

పర్వతాలు కాగితం మీది కప్పు తీసి పక్కన పెట్టాడు. "ఏడు నూర్లు," అన్నాడు. "ఏడు నూర్లంటె మాటలా అన్నా. జెర ముందుగాల చెప్పకపోతివి." మళ్లీ తనే, "టీచరమ్మ మంచిదే పాపం," అని గొణిగి, షీల్డు గుడ్డ విప్పి మెత్తటి బట్టతో రుద్దడం మొదలుపెట్టాడు. స్కూలుకు తిరిగి ఇచ్చేముందు మెరవాలి కదా అని.

మూడో వరస బిళ్ల దగ్గర అతని చెయ్యి ఆగింది. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"అన్నా, గింత బిళ్ల మీద నాలుగు పేర్లు ఎట్ల చెక్కినవే? చెయ్యి వణకలే?"

"అప్పుడు వణకలేదు," అన్నాడు బుల్లబ్బాయి.